డొంక దారిలో సైకిలు

మన కళాశాల వార్షిక సంచికకు ఏదైనా ఒక వ్యాసం వ్రాసి పంపవలసినదని సంపాదక వర్గంవారు ఈ సంవత్సరం కూడా నాకు కబురు చేశారు. నేను పదవీ విరమణ చేసి పదిహేనేళ్ళు కావస్తున్నా నన్ను మరువకపోవడం వారి సౌజన్యం. ఇదివరలో నేనిచ్చిన వ్యాసాలన్నీ ప్రబంధ కవులను గురించినవే. పాత సంచికలను ఇప్పుడు తెరచి చూస్తే నా పుటలను ఎవరూ తిరగవేసిన జాడ కనబడదు. మన సంచికలో ఉర్దూ విభాగం కుడివైపు నుండి, తెలుగు విభాగం ఎడమవైపు నుండి మొదలై నడుమ ఒకచోట కలుసుకొంటవి. ఆ కలుసుకొనే చోటికి చేరేలోగానే పాఠకుడు అలసిపోయేటట్లు వ్రాసిన పాపం నాది. కనుక ఈసారి కవులను వారి మానాన విడిచిపెట్టి, సైకిలును గురించి వ్రాయదలచుకొన్నాను. కమిటీ పెద్దలు మన్నింతురు గాక.

మాది రెడ్డిగూడెం. ఒకప్పుడు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమని చెప్పుకొనేవాళ్ళం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో మేము ఎన్.టి.ఆర్. జిల్లా తిరువూరు రెవెన్యూ డివిజన్‌లోకి వచ్చాము. మా పొరుగున ఉన్న నూజివీడు అదే సమయాన ఏలూరు జిల్లాకు పోయినది. జిల్లాలు మారినా మామిడితోటలు మారలేదు. ఎర్రనేలలు, దూరాన కొండల వరుస, మాఘమాసంలో పూతవాసన, వైశాఖంలో కాయలబండ్లు, వీటి మధ్య నా బాల్యం గడచినది.

ఆ తోటలకూ చేలకూ నడుమ డొంకలుండేవి. పట్నవాసులైన విద్యార్థులకు ఈ మాట తెలియకపోవచ్చును. ఇరుప్రక్కల కంచెలు, తాళ్ళు, తుమ్మలు పెరిగి, నడుమ ఒక ఎద్దుబండి పట్టేంత వెడల్పున సాగే పోరంబోకు దారికి మా వైపు డొంక అని పేరు. గోదావరి జిల్లాలవారు దీనినే పుంత అంటారు. డొంక ఏ ఒక్కరి సొత్తూ కాదు. గ్రామపటంలో దానికి స్థానమున్నది. బండ్లు, పశువులు, పెండ్లివారు, శవవాహకులు అందరూ దానిమీదనే నడిచేవారు. అందులో సైకిలు తొక్కడమనేది ఒక ప్రత్యేక విద్య. ఆ విద్యను నాకు నేర్పినవాడు మా అన్నయ్య.

అన్నయ్య నాకన్న ఎనిమిదేళ్ళు పెద్ద. తపాలా శాఖలో ఈ.డి. ఉద్యోగిగా చుట్టుప్రక్కల పల్లెలకు ఉత్తరాలు పంచేవాడు. ఈనాడు వారినే గ్రామీణ డాక్ సేవకులని గౌరవంగా పిలుస్తున్నారు. ఆయనకొక నల్లని అట్లాస్ సైకిలుండేది. ఆ కంపెనీ 1951లో సోనీపత్‌లో పుట్టినది. 2020 జూన్ 3న సాహిబాబాద్‌లోని దాని కర్మాగారంలో ఉత్పత్తి నిలచిపోయినది. ఐక్యరాజ్య సమితి ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించిన రోజు కూడా అదే జూన్ 3 కావడం చూచి, ఆ వార్తను నేను పత్రికలో రెండుసార్లు చదువుకొన్నాను.

నాకు పదేళ్ళ వయస్సులో, సీటు అందక, నడిమి కమ్మీ క్రిందుగా కాలు దూర్చి తొక్కడం నేర్చుకొన్నాను. మా తరంవారందరూ అలాగే నేర్చినవారు. మోకాళ్ళ మీది మచ్చలే మాకు యోగ్యతాపత్రాలు. తరువాత సీటెక్కిన నాటినుండి అన్నయ్య వెంట అద్దె సైకిలు మీద సెలవురోజులలో ఉత్తరాలు పంచడానికి పోయేవాణ్ణి. బండిచక్రాల ఇనుపకట్లు కోసిన చాళ్ళు రెండూ మెత్తని దుమ్ముతో నిండి ఉంటవి. ఆ చాలులోకి ముందుచక్రం దిగినదా, హాండిలు మన మాట వినదు. నడుమ గట్టిగా ఉన్న సన్నని మిట్టమీదనే పోవాలి. ‘చక్రాన్ని చూడకురా, పదిగజాల ముందుకు చూడు’ అనేవాడు అన్నయ్య. వేసవిలో తాటాకుల గలగల, కంచెలో కముజుపిట్టల పరుగు, మన చైను చప్పుడు తప్ప మరొక ధ్వని ఉండేది కాదు. ఎదురుగా బండి వస్తున్నదని చాలా ముందుగానే ఎద్దుల మెడగంటలు చెప్పేవి. ఎవరి ఇంటికి ఏ ఉత్తరం వచ్చినదో, అది మంచిదో చెడ్డదో, ఆ నిశ్శబ్దంలో అన్నయ్య నాకు చెప్పేవాడు కాదు. ‘ఉత్తరం చేరేదాకా అది వాళ్ళది కాదు, మనదీ కాదు’ అనేవాడు.

మన కళాశాలలో నాతోపాటు పనిచేసిన ఉర్దూ ఉపన్యాసకుడొకాయన ఒకసారి సంక్రాంతి సెలవులకు మా ఊరు వచ్చి, నాతో డొంకలో సైకిలు తొక్కినారు. మైలు దూరం పోయిన తరువాత ఆగి, ‘దీనిని మా భాషలో సుకూన్ అంటాము’ అన్నారు. మన ‘నెమ్మది’ అనే మాటలో ఆ అర్థం కొంత ఉన్నది. కాని నెమ్మదిలో నిదానం కూడా కలసి ఉన్నది. ఆయనకు నిదానం లేదు. ఆ మరుక్షణమే చాలులోకి దిగి పడిపోయినారు.

ఇంతవరకు చెప్పినది ముసలివాని ముచ్చట. దీనిని వ్రాయవలసిన పని ఎందుకు కలిగినదో ఇక చెబుతాను.

కొన్నేళ్ళ క్రిందట మన కళాశాల పూర్వవిద్యార్థి ఒకడు ఫ్రాన్సు దేశంలోని టూలూజ్ నగరం నుండి నాకొక సుదీర్ఘమైన ఉత్తరం వ్రాసినాడు. అక్కడ ఉద్యోగం. సెలవుదినాలలో ఆ నగరం నుండి బయలుదేరే కాలువగట్టు వెంబడి సైకిలుమీద రోజంతా పోతాడట. కారు ఒక్కటీ కనబడదట. ‘గురువుగారూ, మీరు పాఠం మధ్యలో చెప్పిన డొంక నాకు ఇక్కడ దొరికినది’ అని వ్రాసినాడు. నేను మొదట పెద్దగా పట్టించుకోలేదు. మన దేశంలో బీదవాడి వాహనమైన సైకిలు అక్కడ తీరిక గలవారి వినోదమై ఉంటుందనుకొన్నాను. తరువాత వాడు పంపిన పుస్తకాలు చదివి నా అభిప్రాయం కొంత మార్చుకొన్నాను.

ఆ కాలువ పేరు కెనాల్ ద్యు మిది. పియేర్ పాల్ రికే అనే ఆయన 1666లో దాని నిర్మాణం ఆరంభించినాడు. 1681లో పూర్తి అయ్యే నాటికి ఆయన లేడు. అంతకు కొద్దినెలల ముందే, 1680లో గతించినాడు. సుమారు 240 కిలోమీటర్ల పొడవున టూలూజ్ నుండి మధ్యధరా సముద్రతీరం దాకా పోయే ఆ కాలువలో పడవలను గట్టుమీద నడిచే గుర్రాలు మోకులతో లాగేవి. ఆ గుర్రాలు నడిచిన బాటమీదనే ఈనాడు సైకిళ్ళు పోతున్నవి. ఇది చదివినపుడు నాకు మన డెల్టా కాలువలు జ్ఞాపకం వచ్చినవి. మన కాలువలలో గాలి లేనపుడు పడవలను గట్టుమీది మనుష్యులు త్రాటితో లాగేవారు. వాళ్ళకు గుర్రాలు, మనకు మనుష్యులు. గట్టు మాత్రం ఒక్కటే.

ఆ దేశంలో రైళ్ళు నడవడం మానిన ఇనుపదారుల మీద పట్టాలు తీసివేసి, చదును చేసి, మోటారు వాహనాలకు ప్రవేశం లేని బాటలు వేసినారు. వాటిని పచ్చదారులని అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. బర్గండీలో జీవ్రీ నుండి క్లునీ వరకు వేసినది 1997లో తెరచినారు. 2004లో అటువంటి దారులకు రహదారి నిబంధనలలోనే స్థానం కల్పించినారు. పచ్చదారులు కాని పల్లెదారులలో కూడా సైకిలువానిని దాటిపోయే కారు ఊరి వెలుపల ఒకటిన్నర మీటరు ఎడం పాటించవలెనని చట్టం. పారిస్ నుండి బ్రెస్ట్ రేవుకు పోయి తిరిగివచ్చే 1200 కిలోమీటర్ల సైకిలుయాత్ర 1891లో పందెంగా మొదలైనది. ఇప్పుడు నాలుగేళ్ళకొకసారి జరుగుతూ, తొంబది గంటలలో ముగించినవారందరినీ గౌరవిస్తారు. హైదరాబాదులో కూడా ఆ పద్ధతిలో రెండువందలు, మూడువందల కిలోమీటర్లు తొక్కే సంఘమున్నది.

వీరందరిలో నన్నాకర్షించినవాడు పాల్ ద వివీ. సెంటెతియెన్ పట్టణవాసి. వెలోసియో అనే మారుపేరుతో ప్రసిద్ధుడు. 1887లో సైకిలు మీదనే ఒక పత్రికను ఆరంభించి, కొండలెక్కడానికి పలువిధాల గేర్లు ఉండవలెనని జీవితాంతం వాదించినాడు. పందెగాళ్ళు ఆయనను పరిహసించినారు. 1930లో ఆయన మరణించినది కూడా వీధిలో సైకిలును నడిపించుకొని పోతుండగా ట్రాముబండి తాకడంవల్లనే. డెబ్బది ఆరేళ్ళవాడు. ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసివేశాను. కారణం మా ఇంటిలో ఉన్నది.

1984లో, వానాకాలపు సాయంత్రం ఒకనాడు, అన్నయ్య ఉత్తరాల సంచితో తిరిగివస్తున్నాడు. డొంకలో బురద మోకాలి లోతున ఉండటంవల్ల తారురోడ్డు పట్టినాడు. చీకటిపడినది. వెనుకనుండి వచ్చిన లారీ ఆయనను కంచెలోకి నెట్టి పోయినది. ఎవరి లారీయో తెలియలేదు. కుడికాలు మోకాలి దిగువన రెండుచోట్ల విరిగినది. ప్రాణం దక్కినది గాని ఆ కాలు మరి వంగలేదు. ఆయన మరి సైకిలెక్కలేదు. తపాలా పని వేరొకరికి పోయినది.

ఇంతవరకు ఊరందరికీ తెలిసినదే. అన్నయ్యకూ నాకూ మాత్రమే తెలిసినది మరొకటి ఉన్నది. ఆ సైకిలుకు డైనమో దీపం ఉండేది. ప్రమాదానికి ఇరువది రోజుల ముందు నేను విజయవాడ పోతూ దానిని ఊడదీసికొని పోయాను. పట్నంలో దీపం లేకుండా రాత్రిపూట తొక్కితే పోలీసులు పట్టుకొనేవారు. ‘మన డొంకలో దీపమెందుకు అన్నయ్యా, చంద్రుడున్నాడుగా’ అన్నాను. ఆయన నవ్వి, తానే స్పానరు తెచ్చి మర ఊడదీసి ఇచ్చినాడు. దెబ్బతగిలిన తరువాత నేను ఆ దీపాన్ని తెలిసినవారి ద్వారా తిరిగి పంపినాను. దానిని గురించి ఆయన ఏమీ అనలేదు. 2011లో ఆయన పోయేవరకు, ఇరువది ఏడేళ్ళు, ఒక్కమాట అనలేదు. అన్నట్లయితే నాకు తేలికగా ఉండేదేమో.

పదవీ విరమణ తరువాత నేను రెడ్డిగూడెం వచ్చి ఉంటున్నాను. అన్నయ్య కుమారుడు ఇక్కడికి అయిదారు కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో తోట కౌలుకు చేస్తూ అక్కడే కాపురమున్నాడు. వానికి ఇద్దరాడపిల్లలు. రెండవది నిరుడు తొమ్మిదవ తరగతి. ఉన్నత పాఠశాలకు రెడ్డిగూడెం రావాలి. పల్లెకు బస్సు వేళకు రాదు. ఆటోలో పన్నెండుమందిని ఎక్కిస్తారు. వేళ తప్పినరోజు బడి తప్పుతుంది. నెలకు ఆరేడురోజులు అలా పోతున్నవి. వాళ్ళ అక్కకు 2017 ప్రాంతంలో ప్రభుత్వం బడికొస్తా పథకం క్రింద ఇచ్చిన సైకిలు పశువుల సావిడిలో తుప్పుపట్టి ఉన్నది. చిన్నపిల్ల దానిని కడిగి, నూనెవేసి, తన పల్లె వీధులలో తొక్కడం నేర్చుకొన్నది. బడికి సైకిలుమీద పోతానన్నది. తండ్రి ససేమిరా అన్నాడు. చిన్నతనంలో తండ్రిని రక్తపు గుడ్డలతో మంచంమీద చూచినవాడు ఏమంటాడు? పిల్ల నా దగ్గరకు వచ్చి, ‘చిన తాతయ్యా, నాన్నకు మీరు చెప్పండి, మీ మాట వింటారు’ అన్నది.

నా మాట వినవలసిన హేతువేమిటో నాకు తెలియదు. అయినా పోయి అడిగాను.

‘బాబాయీ, మామిడికాయల రోజుల్లో ఆ రోడ్డుమీద ఎన్ని లారీలు పోతాయో మీరెరుగుదురు. నున్న మార్కెట్టుకు రాత్రనక పగలనక పోతూనే ఉంటాయి. నేనే బండిమీద పోవడానికి జంకుతాను’ అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. వానిది పిరికితనమని ఎవరైనా అంటే నేనొప్పుకోను. తారురోడ్డు వెడల్పు చేసినారు, అంచున ఉన్న చింతచెట్లు కొట్టివేసినారు. వాహనాల వేగం రెట్టింపయినది. సైకిలుకు మాత్రం ఆ వెడల్పులో ఒక జానెడు కూడా వదలలేదు. (ఫ్రాన్సులోని ఆ కాలువగట్టు మీది చెట్లు కూడా పోతున్నవి. 2006లో కనిపెట్టిన ఒక శిలీంధ్రరోగంవల్ల గట్టు పొడవునా ఉన్న సుమారు నలుబదిరెండు వేల ప్లేన్ వృక్షాలకు ముప్పు ఏర్పడి, వేలకొద్దీ కొట్టివేసి, వేరుజాతి మొక్కలు నాటుతున్నారట. అక్కడ రోగం, ఇక్కడ ఆరోగ్యవంతమైన చెట్లనే కొట్టినారు.)

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఉన్నట్లుండి టూలూజ్ ఉత్తరం జ్ఞాపకం వచ్చినది. తారురోడ్డు వద్దు సరే, మరొక దారి లేదా? అన్నయ్య ఉత్తరాలు పంచిన దారులెక్కడికి పోయినవి?

మరునాడు గ్రామపటం సంపాదించి చూచాను. డొంకలు పటంలో ఉన్నవి. రెండు సమాంతర రేఖలుగా, వంపులు తిరుగుతూ, పల్లెనుండి రెడ్డిగూడెం వరకు దాదాపు పూర్తిగా ఉన్నవి. పటంలో లేనిది, నా బాల్యంలోనూ లేనిది, సాగరు కాలువ. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలినారు. లాల్ బహదూర్ పేరు పెట్టిన ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మం దాటి మా మెట్టప్రాంతానికి చివరగా వస్తుంది. చివరగా రావడంవల్ల మాకు నీరు ఏటేటా సందేహమే. కాని పిల్లకాలువ గట్టు మాత్రం సందేహం లేకుండా ఏడాది పొడవునా ఉంటుంది.

జనవరి నెలలో పిల్లా నేనూ రెండు ఆదివారాలు సైకిళ్ళు నడిపించుకొంటూ ఆ దారినంతా వెదికినాము. నాకు ఎక్కడానికి ధైర్యం చాలక కాదు, మొదటి ఆదివారం నిజంగానే ఎక్కలేకపోయాను. ముప్పది ఏళ్ళపైన అయినది. రెండవవారం, కాలువగట్టు మీద ఎవరూ లేని చోట, పిల్ల సీటు పట్టుకొనగా ఎక్కాను. డెబ్బదిరెండేళ్ళవానిని పదునాలుగేళ్ళది పట్టుకొని పరుగెత్తడం చూచిన మేకలకాపరి చుట్ట నోటినుండి తీసి మరీ చూచినాడు. పదిగజాల ముందుకు చూచాను. పడలేదు.

ఆ దారి ఎక్కడెక్కడ మలుపు తిరుగుతుందో పేర్లతో ఇక్కడ వ్రాయను. వ్రాసిన మరునాడే మోటారుసైకిళ్ళు దిగుతవి. మొత్తంమీద ఇలా ఉన్నది. పల్లె చివర చెరువుకట్ట, తరువాత డొంక, తరువాత కాలువగట్టు, మళ్ళీ డొంక, చివరకు రెడ్డిగూడెం వెనుకవీధి. తారురోడ్డును ఒక్కచోట అడ్డంగా దాటాలి. దాని వెంట పోవలసినది లేనేలేదు. దూరం మామూలు దారికన్న కిలోమీటరున్నర ఎక్కువ.

ఒకచోట మాత్రం డొంక మాయమైనది. అక్కడ ఒక రైతు తోట కంచెను జరిపి దానిని కలుపుకొన్నాడు. మామిడి అంట్లు మోకాలెత్తు పెరిగి ఉన్నవి. పటం చేతపట్టుకొని ఆయన దగ్గరకు పోయాను. ఆయన పటం చూడనేలేదు. ‘నలబై ఏళ్ళుగా ఎవరూ నడవని దారి, పంతులుగారూ’ అన్నాడు. అది నిజం. బండ్లు పోయినవి, పశువులు తగ్గినవి, మనుష్యులు రోడ్డెక్కినారు. మేము విడిచిపెట్టిన తరువాతనే ఆయన తీసికొన్నాడు. తగవుకు పోతే తహసీలుదారు కార్యాలయంలో ఈ పిల్ల పదవతరగతి అయిపోతుంది. కనుక ‘నడిచే దారి చాలు, సైకిలు పట్టేంత’ అన్నాను. ఆయన పది నిముషాలు గొణిగినాడు. చివరకు మా అన్నయ్య పేరు విని, ‘మా నాన్న చనిపోయాడని మా అక్కకు తంతి అందించింది ఆయనే’ అన్నాడు. కంచెకు రెండువైపులా గేదె దూరకుండా, సైకిలు మాత్రం పట్టేటట్లు తడికలు పెట్టించినాడు. అంట్లు మాత్రం ఆయనవిగానే ఉన్నవి. ఇది న్యాయమని నేననను.

ఇక్కడ నేను తప్పించుకోలేని మరొక విషయమున్నది. ఫ్రాన్సు పుస్తకాలు నిశ్శబ్దాన్ని ఎంతగానో కొనియాడినవి. నేనూ ఇంతవరకు కొనియాడుతూనే వచ్చాను. కాని నిర్జనమైన దారి నాకొక రకం, ఆడపిల్లకొక రకం. మా కోడలు ఆ మాట ఒక్క వాక్యంలో అన్నది. ‘మామయ్యగారూ, రోడ్డుమీద లారీ భయం, డొంకలో మనిషి భయం.’ నేను వెదకిన దారి ఎంత బాగున్నదో చెబుదామని పోయి, మాటలేక తిరిగివచ్చాను. మన పొరుగున తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1990ల ఆరంభంలో, అక్షరాస్యతోద్యమంలో భాగంగా వేలాది స్త్రీలకు సైకిలు నేర్పినారు. జిల్లా కలెక్టరుగా ఉన్న షీలారాణి చుంకత్ దానికి ఊతమిచ్చినారు. అక్కడ ఒక్కతె తొక్కితే నవ్వినవాళ్ళు గుంపుగా తొక్కితే మానుకొన్నారట. ఆ సంగతి పిల్లకు చెప్పాను. అది నాకన్న తెలివైనది. వారంలోగా తన తరగతి పిల్లలను మరో ఇద్దరిని పోగుచేసినది. ముగ్గురిలో ఒకతెకు సైకిలు లేదు, వాళ్ళ అన్నది పాతది బాగుచేయించినారు. పంక్చరుకు, చైనుకు, బ్రేకురబ్బర్లకు కలిపి తొమ్మిదివందలు అయినది. తడికల రైతు భార్య ఉదయం ఎనిమిదింటికి ఆ వైపున పాలు పితికేది. ఆమె కాలువగట్టు మొదట పిల్లలు దాటేదాకా చూస్తానన్నది. ఇన్ని కళ్ళు కుదిరిన తరువాత కోడలు తలూపినది.

నిరుడు హైదరాబాదు పోయినపుడు అక్కడ బాహ్యవలయ రహదారి ప్రక్కన వేసిన సైకిలుదారిని చూచాను. 2023 అక్టోబరు 1న తెరచినారు. ఇరువదిమూడు కిలోమీటర్లు, పైన సౌరఫలకాల కప్పు, పదహారు మెగావాట్ల విద్యుత్తు. అద్భుతమైన నిర్మాణమే. అక్కడ కారు లేదు గాని, కారు చప్పుడు అడుగడుగునా ఉన్నది. అన్నిటికన్న ముఖ్యం, దానిమీద బడిసంచితో పోతున్న పిల్ల ఒక్కతె కూడా నాకు కనబడలేదు. నేను చూచినది ఒక్కరోజే. తీర్పు చెప్పను.

మా దారికి లోపాలున్నవి. వానాకాలంలో అది దారే కాదు. 2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తిన నాటి వానలకు మా డొంకలు కూడా వాగులైనవని పిల్లలు చెప్పినారు. అప్పటికి మేమింకా ఈ దారి వెదకలేదు. నల్లరేగడి తగిలిన చోట బురద మడ్‌గార్డులో చుట్టుకొని చక్రం తిరగదు. పుల్లతో గీకి తీసి, మళ్ళీ పదిగజాలు పోయి, మళ్ళీ గీకాలి. ఆ నాలుగునెలలూ ఆటోయే గతి. చెరువుకట్ట మీద తుమ్మముళ్ళకు తొలివారంలోనే మూడు పంక్చర్లు. పిల్లలు ఇప్పుడు ట్యూబు తామే విప్పి, నీళ్ళలో ముంచి, బుడగ చూచి అతుకు వేస్తున్నారు. ఆ పని కోసం పంపు, రాగితాకుడుకాగితం, అతుకుజిగురు నేను కొనిచ్చాను. నా పెట్టుబడి అంతే.

ఇంతా జరిగి, పిల్లల అమ్మలందరూ ఒప్పుకొన్న తరువాత కూడా అన్నయ్య కుమారుడు సరే అనలేదు, కాదనలేదు. ఫిబ్రవరిలో వాళ్ళు బయలుదేరవలసిన నాటికి ముందురోజు సాయంత్రం నేను వాళ్ళ ఇంటికి పోయాను. అరుగుమీద కూర్చున్నాను. వాడు లోపలికి పోయి, ఒక పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తెచ్చి నా ముందు పెట్టినాడు. ‘నాన్న పెట్టెలో ఉంది, బాబాయీ. ఎందుకు దాచారో తెలియదు. ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు’ అన్నాడు.

విప్పకముందే తెలిసినది. పత్రిక 1984 నాటిది. నేను చుట్టి పంపిన పత్రికయే. పురికొస ముడి కూడా నాదే. అన్నయ్య దానిని విప్పనేలేదు.

ఎందుకు దాచినారో నేను వానికి చెప్పాను. ముందు పిల్ల వినడం ఇష్టంలేక దానిని లోపలికి పొమ్మన్నాను. అది పోలేదు, తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి, ‘స్పానరు ఎక్కడుందే’ అని కూతురిని అడిగినాడు.

డైనమో మొద్దుబారినది. కిరసనాయిలుతో కడిగి, కుట్టుమిషను నూనె రెండుచుక్కలు వేసి త్రిప్పగా కదలినది. బల్బు మాడిపోయి ఉన్నది. ఊరిలోని సైకిలు కొట్టులో అటువంటిది దొరకక, తీగను కొనకు అతికి చిన్నబల్బు ఒకటి కుదిర్చినారు. సైకిలును స్టాండుమీద నిలిపి, వెనుకచక్రం నేలకు తగలకుండా పెట్టి, పిల్ల చేతితో పెడలు త్రిప్పినది. మొదట దీపంలో ఎర్రగా ఒక దారం కనబడినది. వేగం పెరిగినకొద్దీ సావిడి గోడమీద తెల్లని చక్రం పడినది. గేదె తల త్రిప్పి చూచినది.

‘మేము పోయేది పగలు కదా తాతయ్యా, దీపమెందుకు?’ అన్నది పిల్ల.

వాళ్ళ నాన్న మరలు బిగిస్తున్నాడు. నేను దీపం కదలకుండా పట్టుకొన్నాను.